చెయ్యి ముందు, అచ్చు తర్వాత: గ్యాస్ పొయ్యిని వాడేవాళ్లకు తగ్గట్టు తీర్చే పద్ధతి

నాలుగు బర్నర్ల పొయ్యి మీద వెనక ఎడమవైపు పాలు కాగుతున్నాయి, ముందు ఎడమవైపు కూర ఉడుకుతోంది. పాలు పొంగు మీదికి వచ్చాయి. ఆవిడ చటాక్కున చెయ్యి చాచి నాబు తిప్పితే కూర కింద మంట ఆరిపోయింది, పాలు మాత్రం పొంగిపోయాయి. ఆ పొయ్యి కొని మూడేళ్లయినా ఇదే వరస. ఇంట్లో వాళ్లు దీన్ని "కంగారు" అంటారు. పొయ్యి తయారు చేసే మనం అలా అనకూడదు. బర్నర్లు చదరంగా ఉన్నాయి, నాబులేమో ఒకే గీతలో ఉన్నాయి. ఎడమవైపు రెండు నాబుల్లో ఏది ముందుదో, ఏది వెనకదో కంటికి తెలిసే వీలు లేదు. తీరిగ్గా ఉన్నప్పుడు గుర్తు చూసి తిప్పుతారు. పాలు పొంగుతున్నప్పుడు గుర్తులు ఎవరూ చదవరు.

దీన్ని 1959లో అమెరికాలో ఆల్ఫాన్స్ చపానిస్, లిండెన్‌బామ్ అనే పరిశోధకులు కలిసి ప్రయోగం చేసి చూశారు. నాలుగు రకాల పొయ్యి అమరికలు పెట్టి, ఒక బర్నర్ చూపించి దాని నాబు తిప్పమన్నారు. వెనక బర్నర్లను ముందువాటికి సరిగ్గా వెనక పెట్టకుండా కాస్త పక్కకు జరిపిన అమరికలో ఒక్క తప్పూ రాలేదు. అందులో ఎడమ నుంచి కుడికి నాబుల వరస, బర్నర్ల వరస ఒకటే. చదరంగా పేర్చిన మిగతా మూడింటిలోనూ తప్పులు వచ్చాయి. తేడా తెచ్చింది బర్నర్ల చోటు.

చపానిస్‌కు ఈ చూపు రెండో ప్రపంచ యుద్ధం నాటిది. బి-17 బాంబర్లు క్షేమంగా నేలకు దిగాక, రన్‌వే మీద ఉండగా, పైలట్లు ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) బదులు చక్రాలు లోపలికి లాగేసేవారు. రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉండేవి. చక్రాల పిడికి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ పిడికి రెక్క ఆకారపు ముక్క తగిలించాలని చపానిస్ చెప్పాడు. చూడకుండా తడిమినా ఏది ఏదో చేతికే తెలిసేలా చేశాడు. ఇప్పటి విమానాల్లోనూ ఆ పిడులు అలాగే ఉంటాయి. 1947లో ఫిట్స్, జోన్స్ అనే పరిశోధకులు "పైలట్ తప్పు" అని రాసిపెట్టిన 460 సంఘటనలను విడదీసి చూస్తే, వాటిలో ఎక్కువ భాగానికి మూలం మీటలు, స్విచ్‌ల అమరికలో దొరికింది. హ్యూమన్ ఫ్యాక్టర్స్ అనే శాస్త్రం ఈ పనుల మీదే నిలబడింది. మనిషి చూపు, చేయి, జ్ఞాపకం, అలవాటు ఎలా ఉన్నాయో కొలిచి, వస్తువును వాటికి తగ్గట్టు మలచడమే దాని పని.

ఒక గృహోపకరణానికి డై (తయారీ అచ్చు) కోయించకముందు, దాన్ని ఈ పద్ధతిలో ఎలా పరీక్షించుకోవాలో కింద చెబుతున్నాం. ఉదాహరణ గ్యాస్ పొయ్యి. మిక్సీకైనా, స్ప్రేయర్‌కైనా, మోటారు స్టార్టర్ పెట్టెకైనా, ఫోన్ యాప్‌కైనా వరస ఇదే.

పనిని అడుగులుగా విడదీయండి

కాగితం మీద "పొయ్యి వెలిగించడం" అని ఒక్క ముక్కలో రాస్తే ఏమీ తేలదు. మూడు నాలుగు ఇళ్లకు వెళ్లి, పాలు కాచే పనిని మొదటి నుంచి చివరి దాకా చూసి, చేతులు చేసినవన్నీ రాయండి. వాళ్ల అనుమతితో చేతులు మాత్రమే కనిపించేలా వీడియో తీసుకుంటే ఇంకా మంచిది. జాబితా సుమారుగా ఇలా వస్తుంది:

1. గట్టు కింద సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆన్ చేయడం.
2. గిన్నె బర్నర్ మీద పెట్టడం.
3. ఆ బర్నర్ నాబు ఏదో గుర్తించడం.
4. నాబు లోపలికి నొక్కడం.
5. నొక్కిపెట్టి ఎడమకు తిప్పడం.
6. లైటర్ వెతకడం, తీసుకోవడం.
7. వెలిగించి, మంట చుట్టూ అంటుకుందో లేదో చూడడం.
8. మంట సిమ్‌కు తేవడం.
9. కనిపెట్టుకుని ఉండడం.
10. నాబు ఆఫ్ చేసి గిన్నె దించడం.
11. రెగ్యులేటర్ ఆఫ్ చేయడం.

ప్రతి అడుగు పక్కన నాలుగు గడులు గీయండి. ఈ అడుగులో కన్ను ఏం చూడాలి? చేయి ఏం చేయాలి? సరిగ్గా జరిగిందని మనిషికి ఎలా తెలుస్తుంది? తప్పు జరిగితే ఏమవుతుంది? మూడో గడి ఖాళీగా మిగిలిన చోటల్లా ఒక లోపం దాగి ఉంటుంది. నాలుగో గడిలో "కాలుతుంది", "గ్యాస్ చేరుతుంది" లాంటి మాట పడిన అడుగుకు ఎర్ర చుక్క పెట్టండి. తర్వాత పనంతా ఆ చుక్కల మీదే.

పై జాబితాలో ఆరో అడుగును మళ్లీ చూడండి. ఏ కంపెనీ మాన్యువల్‌లోనూ "లైటర్ వెతకడం" అనే అడుగు ఉండదు. ఇళ్లలో మాత్రం తరచుగా ఉంటుంది. నాబు తిప్పేశాక లైటర్ కోసం చుట్టూ చూస్తారు. అది డబ్బాల వెనక ఉంటుంది, లేదా నిన్న దేవుడి దగ్గర దీపానికి తీసుకెళ్లి అక్కడే వదిలేసి ఉంటారు. ఈలోగా బర్నర్ నుంచి గ్యాస్ వస్తూనే ఉంటుంది. దొరికాక వెలిగిస్తే మంట గుప్పున లేస్తుంది. "ముందు లైటర్ చేత పట్టుకోండి" అని రాసినంత మాత్రాన ఈ అలవాటు మారదు. పొయ్యి కుడి అంచున లైటర్‌కు ఒక కొక్కెం ఇవ్వడం, లేదా నాబు నొక్కితేనే నిప్పురవ్వ వచ్చే ఆటో ఇగ్నిషన్ పెట్టడం దీనికి మందు. కొక్కేనికి అయ్యే ఖర్చు కొన్ని రూపాయలే. ఇళ్లకు వెళ్లి చూడకపోతే దాని అవసరం మాత్రం ఎప్పటికీ తెలియదు.

ఏ రకం తప్పో తేల్చుకోండి

ఎర్ర చుక్క ఉన్న ప్రతి అడుగులో జరగగల తప్పు ఏ జాతిదో తేల్చాలి, ఎందుకంటే ఒక్కో జాతికి మందు వేరు. జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన విభజన ఈ పనికి బాగా సరిపోతుంది.

మొదటిది చెయ్యి తప్పడం. ఏం చేయాలో తెలుసు, చేయి పక్కదాని మీద పడింది. పాలకు బదులు కూర మంట ఆరిపోవడం ఇదే. దీనికి శిక్షణ పనిచేయదు, ఆవిడకు వచ్చిన పనే కదా అది. అమరిక మార్చాలి, ఆకారం మార్చాలి, దూరం పెంచాలి.

రెండోది మరుపు. అసలు పని అయిపోయాక మిగిలే ఆఖరి అడుగు అన్నింటికంటే ఎక్కువగా మరిచిపోయేది. పాలు కాగాయి, గిన్నె దించారు, మనసులో పని ముగిసింది. ఇక వంగి రెగ్యులేటర్ కట్టేయడం గుర్తుకు రాదు. కంటికి కనిపించని చోట, గట్టు కింద తలుపు వెనక ఉంటే అసలే రాదు. ఏటీఎంలలో ఇదే జరిగేది. డబ్బు ముందు ఇచ్చి కార్డు తర్వాత ఇచ్చే యంత్రాల్లో జనం డబ్బు తీసుకుని కార్డు వదిలి వెళ్లిపోయేవారు. కార్డు తీసుకుంటేనే డబ్బు వచ్చేలా వరస మార్చాక ఆ బెడద తగ్గింది. మరుపుకు మందు వరస మార్చడం, లేదా ఆ అడుగే అవసరం లేకుండా చేయడం. జ్ఞాపకం చేసే స్టిక్కర్ వారం రోజులు కనిపిస్తుంది, తర్వాత గోడలో కలిసిపోతుంది.

మూడోది అవగాహన తప్పు. మనిషి సరిగ్గా ఆలోచించాననుకునే చేస్తాడు, కానీ వస్తువు పనిచేసే తీరు అతను ఊహించింది కాదు. నాబు గురించి చెప్పేటప్పుడు దీనికి మంచి ఉదాహరణ వస్తుంది.

నాలుగోది తెలిసీ దాటడం. బటన్ నొక్కిపెట్టే శ్రమ ఎందుకని రబ్బరు బ్యాండు చుట్టడం, గార్డు (రక్షణ కవచం) ఊడదీసి పక్కన పెట్టడం. దీన్ని నిర్లక్ష్యం అని కొట్టిపారేయకండి. గార్డు వల్ల పని రెండింతలు ఆలస్యమైతే, అది రోజూ ఊడదీయబడుతుంది. గార్డు పెట్టినప్పుడు, పెట్టనప్పుడు అదే పనికి పట్టే సమయం గడియారం పెట్టి కొలవండి. తేడా పెద్దదైతే ఆ గార్డు డిజైన్ మళ్లీ చేయాల్సిందే.

ఇక్కడ జపాన్ ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. 1961లో షిగెయో షింగో అనే ఇంజనీరు ఒక కార్ఖానాలో రెండు బటన్ల చిన్న స్విచ్ బిగించే పని చూశాడు. ఒక్కో బటన్ కింద ఒక్కో స్ప్రింగ్ పెట్టాలి, పనివాళ్లు అప్పుడప్పుడు ఒకటి మరిచేవారు. "జాగ్రత్తగా పెట్టండి" అని ఎన్నిసార్లు చెప్పినా అదే తంతు. షింగో చేసిందల్లా బల్ల మీద ఒక చిన్న పళ్లెం పెట్టడం. ముందుగా రెండు స్ప్రింగులు లెక్కపెట్టి పళ్లెంలో వేయాలి, అక్కడి నుంచి తీసి బిగించాలి. పని అయ్యాక పళ్లెంలో స్ప్రింగు మిగిలితే మరిచారని అక్కడికక్కడే కనిపిస్తుంది. ఈ పద్ధతిని మొదట్లో "బాకా-యోకె" అనేవారు, మూర్ఖుడి నుంచి కాపాడేది అని అర్థం. ఆ మాట పనివాళ్ల మనసు నొప్పిస్తోందని "పోకా-యోకె"గా మార్చారు, అంటే పొరపాటును తప్పించేది అని. ఆ పేరు మార్పు చాలా పెద్ద విషయమని మా అభిప్రాయం. వాడేవాళ్లు తెలివితక్కువవాళ్లు అనుకుంటూ గీసిన బొమ్మలో వాళ్లకు సాయపడే ఆలోచన రాదు.

మందులకూ ఒక వరస ఉంది

తప్పు తెలిశాక వెంటనే హెచ్చరిక స్టిక్కర్ మీదికి పోకండి. ముందు ప్రమాదాన్నే తీసేయగలమా చూడండి. కుదరకపోతే తప్పు చేయడమే సాధ్యం కాకుండా అడ్డు పెట్టండి. అదీ కుదరకపోతే తప్పు జరిగినా హాని జరగకుండా చూడండి. ఆ తర్వాతే హెచ్చరిక, అన్నిటికంటే చివర శిక్షణ.

రెండో రకానికి మంచి ఉదాహరణ లోపలి మూత ఉండే ప్రెషర్ కుక్కర్. లోపల ఆవిరి ఉన్నంతసేపు ఆ ఆవిరే మూతను కిందినుంచి అంచుకు నొక్కి పట్టుకుంటుంది. తెరవకూడని వేళలో తెరవడం మనిషి బలానికి అందదు. జార్ సరిగ్గా బిగిస్తేనే తిరిగే మిక్సీ కూడా అంతే. మూడో రకం, పొయ్యిలో మంట ఆరితే గ్యాస్‌ను తనంతట తానే ఆపే పరికరం. బర్నర్ పక్కన ఒక థర్మోకపుల్ మొన ఉంటుంది. అది వేడిగా ఉన్నంతసేపు పుట్టే చిన్న విద్యుత్తు లోపలి అయస్కాంతాన్ని పట్టి ఉంచి వాల్వ్ తెరిచి పెడుతుంది. పాలు పొంగి మంట ఆరితే మొన చల్లబడుతుంది, వాల్వ్ మూసుకుంటుంది. మరిచిపోయినవాళ్లనూ, ఫోన్ వచ్చి పక్కకు వెళ్లినవాళ్లనూ, వాసన సరిగా తెలియని పెద్దవాళ్లనూ అది కాపాడుతుంది.

అయితే ప్రతి మందూ కొత్త అడుగును తెస్తుంది. థర్మోకపుల్ వేడెక్కేదాకా నాబును కొన్ని సెకన్లు నొక్కిపెట్టాలి. పాత పొయ్యి అలవాటున్న చేయి వెలగగానే వదిలేస్తుంది, మంట ఆరిపోతుంది. రెండుసార్లు అలా జరిగితే "పొయ్యి పాడైంది" అని సర్వీసుకు ఫోన్ చేస్తారు, లేదా మెకానిక్‌తో ఆ పరికరం తీయించేస్తారు. కాబట్టి త్వరగా వేడెక్కే మొన ఎంచుకోండి, మంట నేరుగా తగిలే చోట పెట్టండి, ఎంతసేపు పట్టాలో పెట్టె విప్పగానే నాబు మీదే కనిపించేలా తీసేయగల ట్యాగ్ కట్టండి.

కొలతలు సగటు మనిషికి తీసుకోకండి

1950లో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్ల కొలతలు చూశాడు. కాక్‌పిట్‌కు అవసరమైన 10 కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడంటే ఒక్కడూ లేడు. సగటుకు గీసిన సీటు ఎవరికీ సరిపోదన్నమాట.

అందుకే చేరుకోవాల్సిన వాటికి పొట్టివాళ్ల కొలత, ఖాళీ వదలాల్సిన వాటికి పెద్ద శరీరాల కొలత తీసుకుంటారు. వెనక బర్నర్ మీద గిన్నె అందడం పొట్టి చేతులవాళ్లను చూసి, నాబుల మధ్య సందు లావు వేళ్లవాళ్లను చూసి నిర్ణయించాలి. విదేశీ పట్టికలు తెచ్చుకుంటే మన వంటింటికి కుదరదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో భారతీయుల శరీర కొలతల పుస్తకం అచ్చువేసింది, మొదలుపెట్టడానికి అది మంచిది. దానితో పాటు మీ కొనుగోలుదారుల్లో కనీసం 30 మందిని చెప్పులు లేకుండా నిలబెట్టి, మోచేయి ఎత్తు, నిలబడ్డ చోటి నుంచి చెయ్యి చాచే దూరం టేపుతో కొలవండి. సగటు నుంచి ప్రామాణిక విచలనానికి (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 1.645 రెట్లు తీసేస్తే, నూటికి 95 మంది అంతకంటే పైనే ఉండే కొలత వస్తుంది. కలిపితే, నూటికి 95 మంది అంతకు లోపే ఉండే కొలత వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. మీరు కొలిచిన ఆడవాళ్ల మోచేయి ఎత్తు సగటు 95 సెం.మీ., విచలనం 4 అనుకుందాం. పొట్టివాళ్ల వైపు 88.4, పొడుగువాళ్ల వైపు 101.6 వస్తుంది. గట్టు 84 సెం.మీ. అయితే, దాని మీద పొయ్యి స్టాండు 12, బాణలి అంచు మరో 10 కలిపి 106 అవుతుంది. అంటే పొడుగువాళ్లు కూడా మోచేయి పైకెత్తే కూర కలపాలి. తేలిక పనికి చేతులు మోచేతికి 5 నుంచి 10 సెం.మీ. కిందుంటే సుఖం. రోజూ సాయంత్రానికి భుజం పీకుతోందంటే కారణం ఇక్కడుంది. పొయ్యి ఎత్తులో తగ్గించే ప్రతి సెంటీమీటరూ విలువైనదే. గట్టులో కోసి దింపే హాబ్‌తో దాదాపు పొయ్యి ఎత్తంతా కలిసి వస్తుంది. కాళ్ల ఎత్తు పెంచి "శుభ్రం చేయడం సులువు" అని అమ్మే ముందు ఈ కూడిక ఒకసారి వేసుకోండి.

నాబు దగ్గర ఆగి చూడండి

పొయ్యిలో చేయి రోజూ తాకేది నాబునే, అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వాలి.

ముందు దిశ. గ్యాస్ నాబు కుళాయిలా ఎడమకు తిప్పితే తెరుచుకుంటుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ కుడికి తిప్పితే పెరుగుతుంది. ఇంట్లో రెండు అలవాట్లూ ఉన్నాయి, పొయ్యి మొదటిదాన్ని పాటిస్తుంది, పాటించాలి. చిక్కు సిమ్ దగ్గర వస్తుంది. మన పొయ్యిల్లో ఆఫ్ తర్వాత ముందు ఫుల్, ఇంకా తిప్పితే సిమ్. దీనికి మంచి కారణాలే ఉన్నాయి. ఫుల్‌లో వెలిగించడం సులువు. సిమ్ చివరి ఆనిక దగ్గర ఉండడం వల్ల చూడకుండా తిప్పినా అక్కడ ఆగుతుంది. కానీ కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్లు మంట తగ్గించాలంటే వెనక్కి, ఆఫ్ వైపు తిప్పుతారు. మంట తగ్గినట్టే కనిపిస్తుంది. ఆఫ్‌కు కాస్త ముందు వదిలేస్తే ఆ చిన్న మంట నిలకడగా ఉండదు, కిటికీ గాలికి ఆరిపోతుంది, వాల్వ్ మాత్రం కొంచెం తెరిచే ఉంటుంది. ఇందాక చెప్పిన అవగాహన తప్పు ఇదే. ఫుల్ దగ్గర వేలికి తెలిసే చిన్న నొక్కు, ఆఫ్ దగ్గర "టక్"మని పైకి లేచే స్ప్రింగు, ఫుల్ నుంచి సిమ్ వైపు పెద్ద మంట చిన్నదవుతూ గీసిన వంపు గీత, ఈ మూడూ ఉండాలి.

తర్వాత బలం. నాబు చుట్టూ దారం చుట్టి, స్ప్రింగు త్రాసుతో లాగండి. నాబు కదిలే క్షణంలో త్రాసు 1.2 కిలోలు చూపి, నాబు వ్యాసార్థం 2 సెం.మీ. అయితే, తిప్పే బలం సుమారు 0.24 న్యూటన్ మీటర్లు. పొయ్యికి బిగించకముందే వాల్వును వంటింటి డిజిటల్ కాటా మీద నిలబెట్టి పైనుంచి నాబు నొక్కితే, నొక్కడానికి కావాల్సిన బలం కాటాయే చెబుతుంది. ఈ రెండు అంకెలూ పది వాల్వులకు రాసుకోండి. ఒకే పొయ్యిలో ఒకటి వదులుగా, ఒకటి బిగుతుగా ఉంటే వాడేవాళ్లకు ఏదో ఒకటి పాడైనట్టే అనిపిస్తుంది. కొత్తగా ఉన్నప్పటి అంకె ఒక్కటే చాలదు. గ్రీజు ఎండిపోయాక బలం పెరుగుతుంది కాబట్టి, కొన్ని వేలసార్లు తిప్పి, బర్నర్ వేడిలో ఉంచి మళ్లీ కొలవాలి.

ఇక చేతి స్థితి. ఆఫీసులో పొడి చేతులతో నాబు తిప్పి "బాగుంది" అనడం పరీక్ష కాదు. అరచేతిలో రెండు చుక్కలు నూనె రాసుకుని, చపాతీ పిండి అంటిన వేళ్లతో, మసిగుడ్డ పట్టుకున్న చేతితో, గరిటె కుడిచేతిలో ఉంటే ఎడమచేతితో తిప్పి చూడండి. నున్నని గుండ్రటి నాబు ఫొటోలో అందంగా ఉంటుంది, నూనె చేతిలో జారుతుంది. మధ్యలో నిలువు పట్టు ఉన్న నాబు ఎటు తిరిగి ఉందో దూరం నుంచే చెబుతుంది కూడా. పెద్ద దోసె పెనం ముందు బర్నర్ మీద పెట్టి ఇరవై నిమిషాలు ఫుల్‌లో ఉంచి, నాబు ముట్టుకోండి. మంట పెనం అంచు దాటి నాబుల వైపు వంగుతుంది. అంతే వేడిలో ఉన్నా లోహపు నాబు ప్లాస్టిక్ నాబు కంటే ఎక్కువ చురుక్కుమంటుంది, ఎందుకంటే వేడిని చేతికి త్వరగా అందిస్తుంది.

గుర్తులు పీచుకు నిలవాలి. నాబు చుట్టూ అచ్చువేసిన ఫుల్, సిమ్ బొమ్మల మీద సబ్బునీళ్లు, స్టీలు పీచుతో ఐదు వందలసార్లు రుద్దండి. చెరిగిపోతే గాజు కింది పొరలో అచ్చువేయాలి, లేదా ఉబ్బెత్తుగా పోత పోయాలి. అక్షరాల ఎత్తుకు స్థూలంగా చూసే దూరంలో రెండు వందల వంతు లెక్క వాడతారు, అంటే 60 సెం.మీ. నుంచి చూస్తే 3 మి.మీ. అది ఇంగ్లీషు అక్షరాలకు. తెలుగులో తలకట్టు, గుడి, వత్తు అన్నీ అదే ఎత్తులో ఇరుక్కుంటాయి. వత్తు విడిగా కనిపించేదాకా పెంచండి. "ఆర్పండి", "అర్పండి" మధ్య తేడా ఒక్క గీతే.

వస్తువు నిజం చెప్పాలి

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం వాల్వుకు పంపిన ఆదేశాన్ని చూపిస్తుందే తప్ప, వాల్వ్ నిజంగా మూసుకుందో లేదో చూపించదు. ఆపరేటర్లు అది మూసుకుందనే అనుకున్నారు. పైగా వందకు పైగా అలారాలు ఒకేసారి మోగాయి. ఇంటి వస్తువులోనూ ఇదే కొలమానం పెట్టండి: మీ సూచిక ఆదేశాన్ని చూపిస్తోందా, జరిగినదాన్ని చూపిస్తోందా?

గ్యాస్ మంట ఈ విషయంలో నిజాయితీగలది, నీలంగా కళ్లెదుటే ఉంటుంది. ఇండక్షన్ పొయ్యికి ఆ గుణం లేదు. స్విచ్ ఆపాక కూడా గాజు పలక గిన్నె వేడికి కాలుతూనే ఉంటుంది. దీపం "ఆఫ్" అని చూపితే పిల్లలు చెయ్యి పెడతారు. అందుకే పలక చల్లబడేదాకా వెలిగే వేరే సూచిక ఉండాలి, అది టైమర్ మీద కాకుండా నిజమైన ఉష్ణోగ్రత మీద ఆధారపడాలి.

కుక్కర్ విజిల్ మంచి శబ్దమే కానీ లెక్క మనిషి మీదే వేస్తుంది. రెండో విజిల్‌కు ఎవరో తలుపు కొడితే మూడోదో నాలుగోదో గుర్తుండదు. పొయ్యికి టైమర్ నాబు జోడించాలనుకునేవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

హెచ్చరిక బొమ్మలు వేస్తే వాటిని కూడా పరీక్షించండి. బొమ్మ చూపించి "ఇది ఏం చెబుతోంది?" అని మాత్రమే అడగాలి. అమెరికా ప్రమాణం ప్రకారం నూటికి 85 మందికి సరైన అర్థం తెలియాలి, దానికి పూర్తి వ్యతిరేకంగా అర్థం చేసుకునేవాళ్లు 5 మందికి మించకూడదు. ఆ రెండో అంకె మొదటిదానికంటే ముఖ్యం. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకూడదని చెప్పే బొమ్మను "స్విచ్ వేసి చూడు" అని చదివేవాళ్లు ఉంటే అది ప్రాణం మీదికి తెస్తుంది. చీకటి వంటింట్లో అడుగు పెట్టగానే చేయి లైటు స్విచ్ మీదికి పోవడం ఏళ్ల అలవాటు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుని ఉంటుంది. కాబట్టి హెచ్చరిక పొయ్యి మీద కంటే స్విచ్ బోర్డు పక్కన పనికొస్తుంది. పొయ్యితో పాటు అక్కడ అంటించే చిన్న స్టిక్కర్ ఇవ్వండి: స్విచ్ ముట్టుకోవద్దు, కిటికీలు తెరవండి, రెగ్యులేటర్ కట్టేయండి, బయటికి వెళ్లి గ్యాస్ లీకేజీ అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.

పరీక్ష పెట్టే తీరు

మొదటి పరీక్షకు గ్యాస్ వద్దు. చెక్క పలక మీద అసలు నాబులు బిగించి, బర్నర్ల చోట చిన్న ఎల్ఈడీలు పెట్టండి. ఒక దీపం వెలిగించి "దీన్ని ఆర్పండి" అనండి. చేయి మొదట ఏ నాబు మీదికి వెళ్లిందో, మధ్యలో ఆగిందో, వెనక్కి తీసుకుందో రాయండి. ఆ ఆగడం కూడా లెక్కలోకి వస్తుంది. చివరికి సరిగ్గా తిప్పినా, తడబడిన చోట రేపు కంగారులో తప్పు జరుగుతుంది.

తర్వాత నిజమైన పొయ్యి, నిజమైన వంట. ఇద్దరు మనుషులు చాలు, ఒకరు మాట్లాడడానికి, ఒకరు రాసుకోవడానికి. మంటలార్పే సిలిండర్, తెరిచిన కిటికీలు తప్పనిసరి. "ఈ నాబు నొక్కి తిప్పండి" అని చెప్పకండి, "పాలు కాచి, పక్కన అన్నం పెట్టండి" అనండి. పాలు పొంగు దగ్గరపడేటప్పుడు వాళ్ల ఫోన్‌కు కాల్ చేయండి. ఒక రౌండు లైటు తగ్గించి చేయించండి. వాళ్లు తడబడితే పది సెకన్లు నోరు విప్పకండి, ప్రమాదం ఉంటే తప్ప. "మీ పని బాగుందా లేదా అని కాదు, పొయ్యిని పరీక్షిస్తున్నాం" అని మొదటే చెప్పండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు మొహమాటానికి "బాగానే ఉందండీ" అంటారు, కాబట్టి మాట కంటే చేతిని నమ్మండి.

ఎంతమంది కావాలి? ఒక లోపం ఒక్కో మనిషికి తగిలే అవకాశం 31 శాతం ఉంటే, ఐదుగురిలో కనీసం ఒకరికి తగిలే అవకాశం 84 శాతం. ఇలాంటి పరీక్షలకు ఐదుగురు చాలని తరచుగా వినిపించే మాట ఈ లెక్క నుంచే పుట్టింది, వెబ్‌సైట్లకు అది సరిపోతుంది. కానీ లోపం తగిలే అవకాశం 10 శాతమే అయితే ఐదుగురితో దొరికేది 41 శాతం, 15 మందితో 79 శాతం. నూటికి ఒకరికి తగిలే లోపం ఐదుగురిలో కనిపించే అవకాశం 5 శాతం కూడా పూర్తిగా లేదు. కాలే, పేలే వస్తువుకు ఐదుగురితో సరిపెట్టుకోకూడదు. అమెరికాలో వైద్య పరికరాల నియంత్రణ సంస్థ చివరి పరీక్షకు ప్రతి రకం వాడకందారుల నుంచి కనీసం 15 మందిని కోరుతుంది. పొయ్యికి ఆ రకాలు ఇవి: రోజూ వండేవాళ్లు, ఎప్పుడో ఒకసారి టీ పెట్టుకునేవాళ్లు, కళ్లద్దాలు లేకుండా వంటింట్లోకి వచ్చే పెద్దవాళ్లు, కీళ్ల నొప్పులున్నవాళ్లు, ఎడమచేతివాటం వాళ్లు. ఇంతటి లెక్క కూడా అరుదైన తప్పును పట్టివ్వదు. ఆ పని కోసమే మొదట్లో ఎర్ర చుక్కల జాబితా రాసింది. ఏ ఒక్కరికీ తగలకపోయినా, జరిగితే కాల్చే తప్పుకు అడ్డు పెట్టాల్సిందే.

లోపం దిద్దాక, దిద్దినదాన్ని అదే పనులతో, కొత్త మనుషులతో మళ్లీ పరీక్షించండి. పాతవాళ్లు ఇప్పటికే నేర్చుకుని ఉంటారు.

అమ్మకం మొదలయ్యాక సర్వీసు కుర్రాళ్ల ఫారంలో ఒక గడి అదనంగా పెట్టండి: "పొయ్యిలో లోపం లేదు, వాడకంలో ఇబ్బంది." మామూలుగా ఇలాంటి ఫిర్యాదును "కస్టమర్ తప్పు" అని మూసేస్తారు. వాటిని విడిగా నెలకోసారి తీసి చదవండి. ఏ నాబు, ఏ సమయంలో, చేతిలో ఇంకేం ఉంది, అప్పుడు పొయ్యి మీద ఏముంది, ఈ నాలుగూ అడిగి రాయించండి. ఇంటివాళ్లు నాబు మీద దారం చుట్టారా, నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టారా, సిమ్ దగ్గర టేపు అంటించారా అని ఫొటో తీయించండి. అలాంటి చుక్కలు ఒకే చోట పది ఇళ్లలో కనిపిస్తే, తర్వాతి డైలో ఆ గుర్తు ఎక్కడ రావాలో వాళ్లే చూపించారన్నమాట.